మొదటి రేవులో నీలం

మార్చి తొమ్మిదో తారీకు. ఆ పొద్దున ఆయన తిన్నవి ఒకవైపు మాడిన రొట్టె ముక్కలు, ఉప్పు వెయ్యడం మరిచిపోయిన ఒక ఉడికిన గుడ్డు. తారీకు ఎందుకు గుర్తుందంటే, మంచినీళ్ల చెరువులో మొదటిసారి నీలం కనబడింది ఆ రోజే. గుడ్డు ఎందుకు గుర్తుందంటే, ఉప్పు లేదని చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేక, దాన్ని చప్పగానే నమిలి మింగి బయల్దేరాడు కనక.

నీళ్ల ఆఫీసు ప్రయోగశాలలో ఆయన పేరు కాగితాల మీద ఏదైతేనేం, నోళ్లలో మాత్రం లైటాయన. నీళ్లలోకి దీపం వేసి చూసి, అందులో ఏం కలిసిందో చెప్పడం ఆయన పని. మూరెడు పొడుగు ఉక్కు గొట్టం, దాని చివర చొక్కా గుండీ అంత గాజు కిటికీ. గొట్టాన్ని నీళ్లలో ముంచితే ఆ కిటికీలోంచి కంటికి కనపడని కాంతి బయటికి పోతుంది. నీళ్లలో ఏమీ లేకపోతే పోయిన కాంతి పోయినట్టే. ఏదన్నా ఉంటే అది ఆ కాంతిని మింగి, ఊరుకోలేక, ఇంకో రంగులో బయటపెట్టేస్తుంది. కడుపులో మాట దాగని మనుషులుంటారు చూడండి, అలాగ. కుళ్లిన ఆకుది ఒక రంగు, నూనెది ఒక రంగు. బట్టల సబ్బు పొడిలో తెలుపు తళతళలాడడానికి ఒక మందు కలుపుతారు, దానిది నీలం. నీలం కనపడిందంటే ఎక్కడో బట్టలుతికిన నీళ్లు చెరువులోకి దిగుతున్నట్టు. అవి వచ్చిన దారినే మురుగు కూడా వస్తుంది. ఊరంతా తాగేది ఆ నీళ్లే.

వారానికోసారి పడవ మీద చెరువు చుట్టి ఆరు చోట్ల గొట్టం ముంచాలి. మొదటిది రేవు. అక్కడ ఒడ్డునే లాండ్రీ ఉంది. చివరిది అవతలి గట్టున, ఊరికి నీళ్లు తోడే బురుజు. గాజు మీద చుక్క నిలిచినా, నాచు పొర పట్టినా లెక్క తప్పుతుంది కాబట్టి ముంచే ముందు ప్రతిసారీ తుడవాలి. ఆ రోజు కూడా డబ్బాలోంచి గుడ్డముక్క తీసి తుడిచి, రేవు దగ్గర ముంచాడు. గొట్టానికి తగిలించిన మీటరు గీతలో నీలం ఎగిసింది. రెండో చోట కాస్త తగ్గింది. మూడో చోట ఇంకాస్త. బురుజు దగ్గరికొచ్చేసరికి మామూలే. ఆఫీసుకొచ్చి కంప్యూటరు మీద గీత గీసి చూస్తే, మేడ మెట్లలాగా రేవు నుంచి బురుజుదాకా చక్కగా దిగింది. చదువుకున్నవాడెవడైనా ఒకటే మాట చెబుతాడు. రేవు దగ్గర ఏదో కలుస్తోంది, పోను పోను పలచబడుతోంది. రేవు దగ్గర ఉన్నదల్లా లాండ్రీ ఒక్కటే.

తరవాతి వారం అంతే. ఆ పై వారమూ అంతే.

లాండ్రీ నడిపే ఆవిడని ఊళ్లో అందరూ లాండ్రీ వదిన అనేవారు, వరస కుదిరినవాళ్లూ కుదరనివాళ్లూ. ఆవిడ మాత్రం ఆయన్ని అన్నయ్యగారూ అనేది. ఆఫీసు తరఫున సంగతి ముందే చెవిన వెయ్యడానికి ఆయన వెళ్లినప్పుడు ఆవిడ ఎవరిదో దుప్పటి ఇస్త్రీ చేస్తోంది.

"రండి అన్నయ్యగారూ. మీ చొక్కా ముందొచ్చింది, మీరు వెనకాల వస్తున్నారు."

ఆయన చొక్కా వంక చూసుకున్నాడు.

"అట్టముక్కలా నిలబడింది. గంజి పెట్టారా?"

"లేదే. మిషన్లో వేసి తీశానంతే."

"అయితే దాన్ని వదిలెయ్యండి. ఒక్కటే ఆఫీసుకెళ్లి సంతకం పెట్టొస్తుంది."

ఆయన నవ్వబోయి ఆగాడు. "ఒక చిన్న సంగతమ్మా."

"చిన్నదైతే కూర్చుని చెప్పేవారు. నిలబడే ఉన్నారంటే పెద్దదే." ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "చెప్పండి."

చెప్పాడు. ఆవిడ విన్నంతసేపూ దుప్పటి మడత మీద చెయ్యి తియ్యలేదు.

"నా నీళ్లు అదిగో ఆ గొట్టంలోంచి వీధి కాలవలోకి పోతాయి. చెరువు వైపు చుక్క పోదు. మీ వాళ్లే వేశారు, మీ వాళ్లే మర్చిపోయారు."

"లోపల ఎక్కడన్నా పగిలిందేమో."

"తవ్వి చూడండి మరి."

"తవ్వాలంటే అన్నాళ్లూ మూసెయ్యాలి. నెల పట్టొచ్చు, రెండు పట్టొచ్చు."

లోపల మిషను గిర్రున తిరిగి ఆగింది.

"నెల మూస్తే నా దగ్గరికొచ్చే కాళ్లన్నీ ఇంకో గుమ్మానికి అలవాటు పడతాయి. ఆ తరవాత తెరిచినా మూసినా ఒకటే. మీ లైటు అబద్ధం చెప్పదా అన్నయ్యగారూ?"

"చెప్పదమ్మా."

"మరి నేను చెబుతున్నానా?"

ఇస్త్రీ వేడికి గది వెచ్చగా ఉంది. ఉతికిన బట్టల వాసన. వెళ్తూ వెళ్తూ ఆవిడ మొహం వైపు చూడలేకపోయాడు.

ఇలాంటివి ఇంటికెళ్లి చెప్పుకోవడం ఆయనకి అలవాటు. ఇంకో ఇంట్లో అయితే ఆఫీసు సంగతులేమిటి అని అడుగుతారు. ఆయన భార్య మాత్రం చెప్పులు విప్పుతుండగానే "ఇవాళ నీళ్లెలా ఉన్నాయి?" అనేది, చుట్టాల ఒంట్లో బాగోగులు అడిగినట్టు. బాగున్నాయనో, కాస్త నలతగా ఉన్నాయనో ఆయన చెప్పేవాడు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు చెప్పులు విప్పడానికి పట్టే ఆ కొద్దిసేపే ఆయనకి రోజంతటిలోకీ పొడుగైంది. ఆ సాయంత్రం గుమ్మంలో వంగి, చెప్పు పట్టీ పట్టుకుని, "నీలం పడిందే," అన్నాడు గట్టిగానే. ఇల్లు ఊఁ కొట్టలేదు.

గాజు తుడిచే గుడ్డలు కూడా ఆవిడవే. కంపెనీవాళ్లు ఇచ్చిన మెత్తటి కాగితాలు ఎప్పుడో అయిపోయాయి. మామూలు కాగితం నూగు రాలుస్తుంది. ఆ మాట ఒకసారి భోంచేస్తూ అన్నాడు. ఆ వారంలోనే ఆవిడ పాత దుప్పటొకటి అరచేతంత ముక్కలుగా కత్తిరించి, అంచు పోగులు లాగేసి, మూత బిగిసే రేకు డబ్బాలో పెట్టి చేతికిచ్చింది. అప్పట్నుంచి ఆ డబ్బా ఖాళీ అవడం ఆయన ఎరగడు. మాసినవి బుట్టలో పడేస్తే శుభ్రమైనవి డబ్బాలో ఉండేవి. మధ్యలో ఏం జరిగేదో ఆయన అడగలేదు. తెల్లారితే వెలుగొస్తుంది, ఎలా వచ్చావని ఎవరం అడుగుతాం.

ఆవిడ నింపిపెట్టి వెళ్లినవి పొదుపుగా వాడితే చలికాలం దాటాయి. ఆఖరుదాన్ని వాడబుద్ధి కాలేదు. చిన్న కవరులో పెట్టి ఆఫీసు సొరుగులో దాచుకున్నాడు. మాసినవన్నీ కలిపి చొక్కాలతో బాటు మిషన్లో వేసుకున్నాడు. ఒక మగవాడు తన బట్టలు తను ఉతుక్కోవడంలో ఎంత కష్టముందో, అంత కష్టమూ పడ్డాడు.

నాలుగో వారం పడవ నడిపే సరంగు పొద్దున్నే ఫోన్ చేశాడు. "గురువుగారూ, నిన్న బురుజు దగ్గర జాలీ బిగించడానికెళ్లి పడవ అక్కడే కట్టేశాను. ఇవాళ అటు వచ్చెయ్యండి. అటునుంచి ఇటు నరుక్కొద్దాం."

"ఎటునుంచి మొదలెడితేనేం, చెరువు ఒకటేగా," అన్నాడు ఆయన.

బురుజు నీడలో నీళ్లు నల్లగా, చల్లగా ఉన్నాయి. చెరువంతటిలోకీ అవే శుభ్రమైనవి. దగ్గర్లో ఇల్లు లేదు, కాలవ లేదు. ఆయన డబ్బా మూత తీసి, గుడ్డతో గాజు తుడిచి, గొట్టం ముంచాడు.

నీలం ఎగిసింది. రేవు దగ్గర ఎంత ఎగిసేదో అంతా.

ఊరి గొంతులోకి పోయే నీళ్లవి. వెనకనుంచి సరంగు మెడ చాచి చూశాడు.

"ఏంటి గురువుగారూ, చేపలు కూడా బట్టలుతకడం మొదలెట్టాయా?"

ఆయన గొట్టం పైకి తీసి, చేతిలోని తడిగుడ్డతోనే తుడిచి, మళ్లీ ముంచాడు. తగ్గింది. మళ్లీ తుడిచి ముంచాడు. ఇంకా తగ్గింది. అదే నీళ్లు, అదే చోటు. చెరువు ఇంతలో శుభ్రపడదు. మరి శుభ్రపడుతున్నదేమిటి? ఆయన తన చేతి వంక చూసుకున్నాడు. గుడ్డలోంచి నీళ్లు మణికట్టు మీదుగా మోచేతిదాకా కారుతున్నాయి.

డబ్బాలోంచి ఇంకో పొడిగుడ్డ తీశాడు. తుడిచాడు. ముంచాడు. మళ్లీ ఎగిసింది.

ప్రతి వారం మొదటి చోట పొడిగుడ్డ. అందులో మిగిలిపోయిన సబ్బంతా గాజుకి అంటుకుంటుంది. తడిసిన కొద్దీ, తుడిచిన కొద్దీ గుడ్డ జాడించినట్టవుతుంది. ఆరో చోటికి ఏమీ మిగలదు. మేడమెట్లలాగా దిగింది చెరువులో నీలం కాదు.

"పోనివ్వనా?" అన్నాడు సరంగు.

"ఆగు."

"ఆగుతా. నాదేం పోయింది, ఆగినా జీతమే." కాని అలా అన్నవాడే, ఆయన నెత్తి మీద ఎండ పడుతోందని చూసి, పడవని బురుజు నీడలోకి ఇంకొంచెం జరిపాడు.

ఆఫీసులో చీకటి గది ఒకటుంది. ఆయన లోపలికెళ్లి, తలుపేసుకుని, గోడకున్న ఊదా దీపం వెలిగించాడు. ముందు చొక్కా భగ్గుమంది. కాలరు, చేతుల అంచులు, జేబు, అన్నీ నీలంగా మండాయి. బల్ల మీద పరిచిన గుడ్డముక్కలు ఒక్కొక్కటీ చిన్న చిన్న కిటికీల్లాగా వెలిగాయి. ఇలాంటివి వెలుగుతాయని ఆయనకి తెలుసు, కుర్రకారుకి ఆ పాఠం చెప్పిందే ఆయన. కాని తెలియడం ఆఫీసులో, ఉతకడం ఇంట్లో. ఆ రెంటినీ ఆయన ఎప్పుడూ ఒక గదిలో కూర్చోబెట్టలేదు.

సొరుగులోంచి తెచ్చిన కవరు విప్పి, భార్య ఉతికిన గుడ్డని వాటి పక్కన పెట్టాడు. కనపడలేదు. కింద పడిందేమో అనుకుని వంగి చూశాడు. లేదు. బల్ల మీద చేత్తో తడిమితే వేళ్లకి తగిలింది, పెట్టినచోటే ఉంది. మిగతావన్నీ వెలుగుతుంటే అదొక్కటే చీకట్లో చీకటిలా ఉంది. ఆయన దాని మీద చెయ్యి ఉంచి చాలాసేపు నిలబడ్డాడు. ఏడాదిగా ఇంట్లో ఏ మూల చూసినా ఆవిడ లేకపోవడమే కనపడేది. ఇక్కడ, ఏమీ కనపడని ఆ అరచేతంత జాగాలో, ఆవిడ ఉంది.

ఆఫీసరమ్మ ఆయన కంటే వయసులో చాలా చిన్నది. మాస్టారూ అని పిలుస్తుంది. అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది.

"అంటే మీ ఇంటి సబ్బునీళ్లని మనం నెల్లాళ్లుగా చెరువంతా వెతుకుతున్నామన్నమాట."

"అంతే మేడమ్."

"పొడి ఎంత వేస్తారేమిటి?"

"రెండు గరిటెలు."

"ఎన్ని బట్టలకి?"

"మూడు చొక్కాలు... ఈ గుడ్డలు."

ఆవిడ నవ్వేసింది. నవ్వి, ఆయన నవ్వలేదని చూసి తగ్గింది. "ఇదివరకు ఎవరు ఉతికేవారు?"

"మా ఆవిడ."

"దేంతో?"

ఆయన నోరు తెరిచాడు. "తెలీదు మేడమ్," అన్నాడు చివరికి.

ఆఫీసరమ్మ బల్ల కింద ఏదో పడినట్టు వంగి వెతికింది. ఏమీ పడలేదని ఇద్దరికీ తెలుసు. ఆయన కళ్లు తుడుచుకున్నాక పైకి లేచింది.

"లాండ్రీ మూసెయ్యమన్న ఆర్డరు రేపు మధ్యాహ్నం సంతకానికి పోతుంది మాస్టారూ. మాట మీద ఆపలేను. పొద్దున్నే సరైన గుడ్డతో ఇంకోసారి చుట్టి రండి. అంకెలు చేతికిస్తే ఆపుతాను. అలాంటి గుడ్డ ఒకటుందన్నారుగా?"

"ఉంది," అన్నాడు. "ఇంట్లో ఇంకొన్ని చేసి చూస్తాను మేడమ్," అన్నాడు.

సాయంత్రం మరదలికి ఫోన్ చేశాడు. భార్య చెల్లెలు. పొరుగూళ్లో ఉంటుంది, నోటి దురుసుకి పెట్టింది పేరు.

"రెండు గరిటెలా! బావగారూ, ఆ పొడితో మా వీధంతా ఉతుక్కోవచ్చు."

"అది సరే. అక్క ఆ గుడ్డలు ఎలా ఉతికేది?"

"ఉతకడమేముంది. వాటికని వేరే గిన్నె ఉండేది. ఉట్టి నీళ్లు పోసి మరిగించేది, పారబోసేది, మళ్లీ మరిగించేది. సబ్బుని ఆ దరిదాపులకి రానిచ్చేది కాదు. నేనొకసారి పొయ్యి మీదున్నది కూరనుకుని ఉప్పు వెయ్యబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. 'అవి మీ బావ కళ్లే,' అంది."

ఆయన ఫోను చెవి మార్చుకున్నాడు.

"ఆఖర్న ఆ నీళ్లు పుక్కిట పట్టి చూసేది," అంది మరదలు, గొంతు కాస్త తగ్గించి. "ఏ కాస్త రుచి తగిలినా మళ్లీ పొయ్యెక్కించేది."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడు అడిగారు?" అనేసి, అన్నందుకు నొచ్చుకున్నట్టు వెంటనే, "అడిగినా చెప్పేది కాదు లెండి. అక్క సంగతి మీకు తెలీదా," అంది.

గిన్నె దొరికింది. అడుగున తెల్లటి పొరతో, అటక మీద ముందు వైపే ఉంది. ఆయన గుడ్డలు మరిగించి, నీళ్లు చల్లారాక గుక్కెడు నోట్లో పోసుకున్నాడు. చేదు, జారుడు. పారబోశాడు. మళ్లీ మరిగించాడు. ఈసారి చేదు నాలుక చివరే. మూడోసారి మరిగించి మళ్లీ పుక్కిట పట్టాడు. ఆవిరికి కళ్లజోడు మసకేస్తే తీసి పక్కన పెట్టాడు. ఆవిడ కూడా ఇక్కడే, ఈ పొయ్యి ముందే, ఇలా కళ్లు మూసుకుని పుక్కిట పట్టి నిలబడి ఉండేది. పక్క గదిలో తను పేపరు చదువుతూ ఉండేవాడు. లేచి నాలుగడుగులు వేస్తే చూసి ఉండేవాడు. ఏం చేస్తున్నావు అని అడిగితే సరిపోయేది. ఆ ఒక్క మాట ఇప్పుడు అడగాలని ఆయనకి ఎంతగా అనిపించిందంటే, నోట్లో నీళ్లున్న సంగతి మర్చిపోయి మింగేశాడు. ఏ రుచీ లేదు.

తెల్లవారి చీకటి గదిలో చూస్తే గుడ్డలు ఇంకా వెలుగుతున్నాయి, మందంగా. నాలుకకి అందనిది దీపానికి అందింది. ఆ మందు నూలుపోగుని పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. ఆయనకి తెలిసినదే. అయినా ఆశ.

ఆవిడ గుడ్డ కవరులోనే ఉంది. ఒకసారి నీళ్లలోకి వెళ్తే దానికి నాచు అంటుకుంటుంది, పడవ నూనె అంటుకుంటుంది. ఆవిడ మరిగించి, రుచి చూసి, ఆరేసి, మడత పెట్టిన ఆ మడత పోతుంది. మళ్లీ ఆ మడత పెట్టే చెయ్యి లేదు. కాని అవతల లాండ్రీలో ఒక మనిషి మధ్యాహ్నం కోసం ఎదురుచూస్తోంది. దాచుకోవడానికి కాదు కదా ఆవిడ అంత కష్టపడింది, తుడుచుకోమని. ఆయన కవరు జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

రేవు దగ్గర మడత విప్పాడు. తుడిచి, ముంచాడు. గీత కదల్లేదు. ఆకు మట్టి రంగు కొద్దిగా, అంతే. లాండ్రీ వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది. రెండో చోటా అంతే. బురుజు దగ్గరా అంతే. చెరువు పొడుగునా ఆ గీత నిద్రపోయినవాళ్ల ఊపిరిలా నిదానంగా సాగింది.

"ఏమన్నా ఉందా గురువుగారూ?" అన్నాడు సరంగు.

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే కళ్లెందుకు అలా ఉన్నాయి?"

"గాలి."

సరంగు గాలి లేని చెరువు వంక చూసి, పడవని ఒడ్డుకి తిప్పాడు.

ఆఫీసరమ్మ అంకెలు చూసి ఆర్డరు చింపేసింది. గాజు తుడిచే కాగితాలు కొత్తవి తెప్పిస్తానంది, ఎంత ఆలస్యమైనా సరే అంది. సాయంత్రం ఆయనే లాండ్రీకి వెళ్లి జరిగిందంతా చెప్పాడు, ఏదీ దాచకుండా, రెండు గరిటెలతో సహా. లాండ్రీ వదిన మడతపెట్టిన బట్టల దొంతరని ఇటునుంచి అటు సర్దింది, మళ్లీ అటునుంచి ఇటు సర్దింది.

"అబద్ధం చెప్పదన్నారు."

"చెప్పలేదమ్మా. నా సంగతి చెప్పింది. నేను మీదనుకున్నాను."

"వారం రోజులు కంటి మీద కునుకు లేదు నాకు."

"తెలుసు."

"తెలిస్తే సరిపోదు అన్నయ్యగారూ."

"సరిపోదు," అన్నాడు ఆయన.

ఆవిడ ఆయన్ని తేరిపార చూసింది. ఆ తరవాత చూపు ఆయన చేతి మీదికి జారింది. నాచు మరకతో, నూనె చారతో, చేతి చెమటకి ఇంకా చెమ్మ వదలని ఆ గుడ్డని ఆయన గుప్పిట్లో పట్టుకునే ఉన్నాడు.

"ఇటివ్వండి. వేణ్నీళ్లలో తీసిస్తాను. సబ్బు వెయ్యను లెండి, భయపడకండి."

ఆయన చెయ్యి కొంచెం ముందుకొచ్చింది. ఆగింది.

"వద్దమ్మా. నేనే చేసుకుంటాను."

ఆవిడ సరేనన్నట్టు తలాడించింది. లోపలికెళ్లి ఒక చిన్న డబ్బాలో వేడినీళ్లు తెచ్చి, ఇంటికెళ్లేలోగా ఎండి మరక గట్టిపడుతుందని, గుడ్డని అందులో వెయ్యమంది. ఆయన వేశాడు. మూత పెట్టి, ఒలక్కుండా గుండెకి ఆనించి పట్టుకుని వీధిలోకి దిగాడు. డబ్బా వెచ్చగా ఉంది.

ఆయన మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. ఆ తరవాత లోపల మిషన్లు ఆపి, దీపం తీసి, రేపటి బట్టల మూట కాలికి అడ్డురాకుండా పక్కకి జరిపి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.